పసుపు కాగితం లేని రోజు

మా స్టూడియోలో అందరూ అందర్నీ పేరు పెట్టే పిలుచుకుంటారు, ప్రొడ్యూసర్‌ని కూడా. నా వల్ల కాని పని అదొక్కటే. మా నాన్న వయసున్న మనిషిని, అందులోనూ పని నేర్పే మనిషిని, పేరు పెట్టి పిలవమంటే నాకు నోరు రాదు. అందుకే ఆ జపనీస్ డైరెక్టర్‌ని మొదటి రోజే ‘సర్’ అన్నాను. మిగతావాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. అది తనకు రావలసిందే అన్నట్టు తలూపి, నా పేరు చివర మన ‘గారు’ లాంటి ‘సాన్’ చేర్చి పిలిచారు. మా ఇద్దరి మర్యాదలూ అక్కడ కుదిరాయి.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ఒక పాత బిల్డింగు పై అంతస్తు, కింద నూడుల్స్ షాపు. చిన్న నీలి పెంగ్విన్ల మీద పిల్లలకోసం ఒక బొమ్మల సీరియల్ తీస్తున్నాం. జపాన్ వాళ్ళు అందులో భాగస్వాములు కాబట్టి డైరెక్టర్‌ని వాళ్ళే పంపారు. నేను స్టోరీబోర్డ్ ఆర్టిస్టుని. అంటే సినిమా కదలకముందు దాన్ని వరసగా బొమ్మల్లో గీసిపెట్టే పని. ఏ షాట్‌లో ఎవరు ఎక్కడుంటారు, ఏం మాట్లాడతారు, ఎన్ని సెకన్లు, అన్నీ అందులోనే తేలిపోతాయి.

ఆయన కథ లంచ్ టైములో ముక్కలు ముక్కలుగా తెలిసింది. స్కూలు చదువు అవగానే టోక్యోలో ఒక స్టూడియోలో చేరారట. మొదట రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చే చిన్న చిన్న కదలికలు గీసే పని. తర్వాత ఆ ముఖ్యమైన బొమ్మలు, ఆ తర్వాత స్టోరీబోర్డు, చివరికి డైరెక్షన్. ఎవరెవరి సీరియళ్ళకో ఎన్నెన్నో ఎపిసోడ్లు గీశారు. తనదంటూ ఒక సినిమా తీయాలన్న కోరిక మాత్రం తీరలేదు. “అడిగినవాళ్ళందరికీ గీశాను. నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు” అన్నారు ఒకసారి, లంచ్ డబ్బా మూత పెడుతూ. ఆయన ముఖంలో బాధేమీ లేదు. 

చిన్నప్పుడు విజయవాడలో, టీవీలో తెలుగు మాటలతో వచ్చే ఏదో జపాన్ బొమ్మల సీరియల్లో చూసిన ఒక షాట్ గురించి ఆయనకు చెప్పాను. చుట్టాలు వెళ్ళిపోయాక గుమ్మంలో తిరగబడి పడున్న ఒక్క చెప్పు. ఎవరూ కదలరు, ఏమీ జరగదు. ఆ షాటే నన్ను ఈ పనిలోకి లాగింది. ఆయన శ్రద్ధగా విని, “ఆ ఎపిసోడ్‌కి డబ్బులు అయిపోయుంటాయి. కదలని బొమ్మ చవక” అన్నారు. నేను ఉడుక్కున్నాను. అప్పుడు మాత్రం నవ్వారు.

నా కోరిక కూడా ఆయన కోరిక లాంటిదే, కాకపోతే చిన్నది. నాదంటూ ఒక్క ఎపిసోడ్. అన్నాళ్ళూ ఇంకొకరు మొదలుపెట్టిన బోర్డుల్లో అక్కడో సీను, ఇక్కడో సీను పూరిస్తూ వచ్చాను, వంటంతా ఇంకొకరు చేస్తే పోపు పెట్టిపోయే మనిషిలాగా. సీరియల్ అయిపోవస్తోంది. రెండో భాగం లేదని ప్రొడ్యూసర్ చెప్పేసింది. అలాంటప్పుడు ఆఖరి ఎపిసోడ్ మొత్తం నన్నే గీయమన్నారు ఆయన. ఇది చెయ్యిజారితే మళ్ళీ ఎవరిస్తారు నాకు?

కథ చిన్నది. తల్లి పెంగ్విన్ చేపల కోసం సముద్రంలోకి వెళ్తుంది. పిల్ల ఒడ్డున ఎదురుచూస్తుంది. పొద్దుగూకే వేళకు తల్లి తిరిగొస్తుంది.

మేము టాబ్లెట్ల మీద గీసేవాళ్ళం. ఆయన అన్నీ ప్రింట్ తీయించుకునేవారు. తప్పున్న పేజీ మీద పల్చటి పసుపు కాగితం పరిచి, పెన్సిల్‌తో మళ్ళీ గీసి, రెండూ కలిపి క్లిప్పు పెట్టి పంపేవారు. నోటితో ఏమీ అనేవారు కాదు. నా పేజీలెప్పుడూ పండగనాటి గడపలా పచ్చగా తిరిగొచ్చేవి. ఆఖరి ఎపిసోడ్ కట్ట నా బల్ల మీదికి వచ్చిన రోజున మాత్రం తిప్పి తిప్పి చూశాను, ఒక్క పసుపు కాగితం లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నా గీతలే. బాత్రూమ్‌లోకెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను.

ఆ సాయంత్రం మనవాళ్ళ షాపులుండే శాండ్రింగ్‌హామ్ వెళ్ళి మైసూర్‌పాక్, కాజూ కట్లీ కొన్నాను. మనకి ఉద్యోగమొచ్చినా, పిల్ల పుట్టినా, కారు కొన్నా నలుగురి నోరూ తీపి చేయాలి కదా. మర్నాడు పొద్దున్నే బల్ల బల్లకీ వెళ్ళి పంచాను. “బర్త్‌డేనా?” అని ఎవరో అడిగారు. “కాదు, ఊరికే” అన్నాను. అసలు సంగతి చెబితే దిష్టి తగులుతుందని నా భయం. డైరెక్టర్ గారి దగ్గరికి చివర్న వెళ్ళి, రెండు చేతులతో డబ్బా అందించి, దారంతా వల్లె వేసుకున్న మాట అన్నాను. “సర్, మీరు నేర్పినదానికంతటికీ చాలా థాంక్స్.”

ఆయన లేచి నిలబడ్డారు. ఒక మైసూర్‌పాక్ ముక్క తీసుకుని, నడుం వంచి నమస్కరించారు. అది చూసి నేను పొంగిపోయాను.

మధ్యాహ్నం, అలా వార్ఫ్ దాకా నడుద్దామన్నారు. ఫెర్రీలు కనిపించే బెంచీ మీద కూర్చున్నాం. ఆయనే అడిగారు.

“ఏ స్టూడియోకి వెళ్తున్నారు?”

“నేనా? ఎక్కడికీ వెళ్ళట్లేదు సర్.”

“మరి స్వీట్లు పంచారు.”

జపాన్‌లో ఉద్యోగం మానేసే మనిషి ఆఖరి రోజున అందరి బల్లల దగ్గరికీ వెళ్ళి స్వీట్లు పంచి, నేర్పినందుకు థాంక్స్ చెప్పి సెలవు తీసుకుంటారట. నేను పొల్లు పోకుండా అదే చేశాను. మాకైతే మంచి కబురుంటేనే పంచుతామని చెప్పాను.

“ఏమిటా మంచి కబురు?”

“పసుపు కాగితం ఒక్కటి కూడా లేదు కదా సర్!”

 ఆయన నీళ్ళ వైపు చూస్తూ మెల్లగా, ఒక్కో ఇంగ్లీషు మాటా వెతుక్కుంటూ చెప్పారు. దిద్దితే బాగుపడే పేజీకే పసుపు కాగితం. నా బోర్డు దిద్దితే పోయేది కాదు, మొత్తం ఆయనే మొదటి నుంచి గీయబోతున్నారు. ఆ సంగతి గ్రహించి, అవమానంతో నేను ఉద్యోగం మానేస్తున్నానని ఆయన అనుకున్నారు.

నేను పంచిన మైసూర్‌పాక్ అప్పటికే అందరి కడుపుల్లోకీ చేరిపోయింది. నేల విచ్చుకుంటే అందులోకి దూరిపోదామనిపించింది.

“నా మొదటి బోర్డుని కూడా మా డైరెక్టర్ ఇలాగే మొత్తం మళ్ళీ గీశారు” అన్నారు ఆయన. “నేను ఆ వారమే స్వీట్లు పంచి వెళ్ళిపోయాను. ఆయన ఒకటి తీసుకుని తిన్నారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఎంతో గీశాను. ఆ బోర్డులో తప్పేమిటో మాత్రం నాకిప్పటికీ తెలీదు. అడుగుదామంటే ఆయన లేరు. అందుకే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాను. అడగండి.”

“నా బోర్డులో తప్పేమిటి సర్?”

“మీ పెంగ్విన్ పిల్ల ఎదురుచూడటం లేదు. ఒక పక్షి వచ్చి జోకులు వేస్తుంది. పీత వచ్చి డాన్స్ చేస్తుంది. ముసలి పెంగ్విన్ వచ్చి కథ చెప్తుంది. అంతలో అమ్మ వచ్చేస్తుంది. ఎదురుచూడటం అంటే మీకు భయం. ఎందుకు?”

నాకు ఒళ్ళు మండింది. “అంతసేపు ఊరికే కూర్చోబెడితే పిల్లలు చానెల్ మార్చేస్తారు సర్” అన్నాను.

“పిల్లలకి ఎదురుచూడటం బాగా తెలుసు” అన్నారు ఆయన.

సోమవారం నుంచి గీయడం మొదలుపెడతానన్నారు. ఈలోపు ఆ ఒక్క సీను మళ్ళీ గీసి తెస్తాను, నచ్చితే ఎపిసోడ్ నాకే ఉంచండి, నచ్చకపోతే మీరే గీసుకోండి అన్నాను. “కొంచెం కష్టం” అన్నారు. ఆయన కొంచెం కష్టం అన్నారంటే కుదరదని అర్థం. నేను బెంచీ మీంచి లేవలేదు. ఆఖరికి “సోమవారం పొద్దున” అన్నారు.

తిరిగి స్టూడియోకి వెళ్ళే ముఖం లేక ట్రైన్ ఎక్కేశాను. మా పాప మేముండే హెండర్సన్‌లో, స్కూలయ్యాక ఆఫ్టర్ స్కూల్ కేర్‌లో ఉంటుంది. మా ఆయన ఉద్యోగం వెల్లింగ్టన్‌లో, శుక్రవారానికి గానీ ఇల్లు చేరరు. రోజూ నేనే పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఆఖరున మిగిలిపోయిన పిల్లని గేటు అవతల నుంచే కేకేసి, సారీ చెప్పి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. నేను వచ్చేముందు అది ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు గేటు బయట ఆగిపోయాను. పిలవలేదు.

ఇంకా చాలామంది పిల్లలున్నారు. గేటు చప్పుడైనప్పుడల్లా అందరూ తలెత్తి చూస్తున్నారు. మా పాప చూడటం లేదు. గోడవారగా బెంచీ మీద, స్కూల్ బ్యాగు వీపుకి తగిలించుకునే కూర్చుంది. బ్యాగు అడ్డమొచ్చి వెనక్కి ఆనలేక కొంచెం ముందుకు వంగి ఉంది. షూ పట్టీ ఊడదీస్తోంది, అతికిస్తోంది, మళ్ళీ ఊడదీస్తోంది. ఏడుపు లేదు, అలక లేదు. గేటు వైపు చూస్తే అమ్మ రాలేదని తెలిసిపోతుంది కాబట్టి చూడకుండా ఉంటోంది. పిలవాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. పిలిస్తే ఆ సీను చెదిరిపోతుందని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

శని, ఆదివారాలు కూర్చుని గీశాను. పెంగ్విన్ పిల్ల సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటుంది. కాలితో ఒక గులకరాయిని ముందుకు తోస్తుంది, వెనక్కి లాక్కుంటుంది. పక్షి లేదు, పీత లేదు.

సోమవారం ఆయన ఆ పేజీలు ముందు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. షాటంతా మనసులో నడిపించుకుంటూ స్టాప్‌వాచ్ నొక్కడం ఆయన పద్ధతి. ఒకసారి నొక్కి, చాలాసేపటికి మళ్ళీ నొక్కారు. నేను రాసిన సెకన్లు రబ్బరుతో చెరిపేసి ఇంకా పెద్ద అంకె వేశారు. బొమ్మ జోలికి పోలేదు. “మిగతాదీ ఇలాగే గీయండి” అన్నారు. అలా ఆ ఎపిసోడ్ నాదైంది. ఇందులో ఏమీ జరగట్లేదే, కాస్త తగ్గిద్దాం అని ప్రొడ్యూసర్ గొణిగింది. “కొంచెం కష్టం” అన్నారు ఆయన.

ఆ తర్వాత కొద్ది రోజులకే జపాన్ వెళ్ళిపోయారు. ఇప్పుడు నా బోర్డుల్ని ఎవరూ దిద్దరు. ‘స్వీట్ యాజ్’ అని, అంటే ఇక్కడివాళ్ళ భాషలో బాగుందని, మెసేజ్ వస్తుంది, అంతే. మాట తూలకుండా తప్పు చూపించే ఆ మనిషి మీద నాకు బెంగ. సొంత సినిమా దొరికిందా సర్ అని అడగాలని ఉంటుంది. లేదంటారేమోనని అడగను.

మా ఎపిసోడ్ టీవీలో వచ్చే రోజుకి కూడా ఆయన ఇక్కడ లేరు. పాపా నేనూ సోఫాలో కూర్చున్నాం. టైటిల్స్‌లో నా పేరు పడగానే పాప చప్పట్లు కొట్టింది. తర్వాత ఆ షాట్ వచ్చింది. పెంగ్విన్ పిల్ల గులకరాయిని తోస్తోంది, లాక్కుంటోంది. ఎవరూ రావడం లేదు. పాప చానెల్ మార్చమనలేదు, కదల్లేదు కూడా. వాళ్ళమ్మ వస్తుందా అని అడుగుతుందనుకున్నాను. తప్పకుండా వస్తుందమ్మా అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. పాప తెర మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

“అమ్మా, వాళ్ళ మమ్ ఏం జాబ్ చేస్తుంది?”