నల్ల అద్దంతో రాజహరా దాకా

"నిమ్మి నడుస్తోంది. పట్టుకున్న మంచం కోడు వదిలేసి మొన్న నాలుగడుగులు వేసింది. ఎవరు చేతులు చాపితే వాళ్ళ దగ్గరికి నవ్వుకుంటూ వెళ్ళిపోతోంది." సుగుణ రాసిన ఇన్‌లాండ్ లెటర్లో ఈ మూడు వాక్యాలు చదివాక నాకు భిలాయిలో కాలు నిలవలేదు. ఇది ఎనభైల మొదట్లో మాట. నేను ఉక్కు కర్మాగారంలో, ఉక్కు కరిగించే ఫర్నేసుల దగ్గర షిఫ్టు ఇంజనీరుని. నా భార్య సుగుణ తొంభై కిలోమీటర్ల దూరంలో, మాకు ఇనుపరాయి పంపే దల్లీ రాజహరా గనుల ఆసుపత్రిలో నర్సు. బదిలీ కోసం ఇద్దరం అర్జీలు పెట్టుకుని, అవి ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో తెలియక ఎదురుచూస్తున్న రోజులవి. నా షిఫ్టులు వారం వారం మారతాయి కనక పదమూడు నెలల మా నిమ్మి తల్లి దగ్గరే ఉండేది. వారానికో సెలవు దొరికితే బండేసుకుని వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ఆ సెప్టెంబరులో ఫర్నేసు మరమ్మతు వచ్చిపడి ఆరు వారాలు ఆ సెలవు కూడా లేకపోయింది. పిల్ల నా వైపు నడిచి రావాలి, అది నేను కళ్ళారా చూడాలి. నా ప్రయాణానికి కారణం అంతే.

ఈ దారిన మోటారు సైకిలు మీద వెళ్దామనుకునే వాళ్ళు ఈమధ్య నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, హెల్మెట్‌కి నల్ల అద్దం పెట్టుకోవచ్చా అని. నేను పెట్టుకున్నాను కనక చెప్పే హక్కుంది. అసలు నాకా పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పాలి. ఫర్నేసు తలుపు తెరిస్తే లోపల ఒకటే తెల్లటి మంట, మామూలు కంటికి ఏమీ తెలియదు. నీలం అద్దం కంటికి అడ్డం పెట్టుకుంటేనే ఉక్కు ఎక్కడ ఉడుకుతోందో, ఇటుక ఎక్కడ అరిగిందో కనిపిస్తుంది. చేరిన మొదటి వారం ఉత్త కళ్ళతో తొంగి చూశానని మా పెద్ద మేస్త్రీ అప్పలనాయుడు గారు నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగేశారు. "ఏటి బాబూ, అద్దం లేకుండా అలగ సూసెత్తన్నావు? రెండు కళ్ళూ ఇంటికి అట్టుకెళ్ళాలని నేదేటి?" అన్నారు. అప్పట్నుంచి ముదురు అద్దం అంటే చూపు తగ్గించేది కాదు, చూపునిచ్చేది అని నా బుర్రలో నాటుకుపోయింది. మాలో చాలామందికి అదే నమ్మకం. ఇంకో సంగతి, ఆ వేడిలో అందరి ముఖాలూ అద్దాల వెనకా తువ్వాళ్ళ వెనకా ఉంటాయి కనక మేము ఒకరినొకరం నడకని బట్టే గుర్తుపట్టేవాళ్ళం. ముఖం చూపించాల్సిన అవసరం మాకు పెద్దగా పడేది కాదు.

అందుకే బయల్దేరడానికి రెండు రోజుల ముందు సుపేలా బజారులో ముదురు నలుపు అద్దం నలభై రూపాయలు పోసి కొన్నాను. నుదుటి దగ్గర మూడు టిచ్ బటన్లతో బిగించేది, గడ్డం దాకా దిగుతుంది. దుకాణదారు "సాబ్, సాదా వాలా భీ రఖ్ లో, షామ్ కో కామ్ ఆయేగా" అని తెల్ల అద్దం కూడా చూపించాడు. సాయంత్రానికి పనికొస్తుందని పాపం మంచికే చెప్పాడు. రెండోది కూడా అంటగట్టాలని చూస్తున్నాడనుకుని, ఫర్నేసు వాడికి అద్దాల గురించి నువ్వు చెప్పేదేమిటి అన్నట్టు ఒక చూపు చూసి వచ్చేశాను. నా పాత తెల్ల అద్దం అప్పటికే గీతలు పడి ఉంటే దాన్ని కూడా పారేశాను.

పొద్దున్న ఆరున్నరకి సెక్టారులోని క్వార్టరు నుంచి బయల్దేరాను. సుపేలా దాటి ఏడింటికి దుర్గ్. అక్కడే ట్యాంకు నింపించుకోండి, నేనూ అదే చేశాను. పెట్రోలు అప్పుడు లీటరు ఆరు రూపాయల చిల్లర, రానూ పోనూ ఐదారు లీటర్లు చాలు. బస్సులో అయితే ఖర్చు తక్కువే కానీ అది ఊరూరా ఆగి నాలుగు గంటలు తింటుంది. దుర్గ్‌లో దక్షిణానికి తిరిగితే గుండర్‌దేహి దాకా అటూ ఇటూ వరి చేలు, వెన్ను తీసే కాలం. ఎండ ఎడమ పక్క నుంచి చురుక్కుమంటున్నా నల్ల అద్దం వెనక కళ్ళకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వారం పాటు మంట చూసి చూసి ఎర్రబడ్డ కళ్ళు నావి. లోకమంతా సాయంత్రం ఐదింటి వెలుగులో ఉన్నట్టుంది. నిమ్మి ఎలా నడుస్తుందో ఊహించుకుంటూ, అది పడబోతే ఏ చెయ్యి ముందు చాపాలో కూడా ఆలోచించుకుంటూ వెళ్ళాను.

ఎనిమిదిన్నరకి బాలోద్ చేరాను. బస్సులాగే చోట ఒకాయన బాణలి ముందు కూర్చుని ఆలూ గుండాలు వేయిస్తున్నాడు. ఆలూ గుండా అంటే మన బంగాళాదుంప బజ్జీకి గుండ్రటి అన్నయ్య అనుకోండి. ముప్పావలా ఇస్తే రెండు, పైన పచ్చిమిరపకాయ. నేను అద్దం ఎత్తకుండానే చాయ్ చెప్పాను. ఆయన గరిటె ఆపి నన్ను పైకీ కిందికీ చూసి, "పహలే ముఖడా తో దిఖావ్ భయ్యా, చాయ్ కిస్ కో దూఁ?" అన్నాడు. బల్ల మీద కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. ముందు ముఖం చూపించు, చాయ్ ఎవరికివ్వాలో తెలియాలి కదా అని ఆయన ఎగతాళి. నేనూ నవ్వేసి అద్దం ఎత్తి తాగాను. చాయ్ బాగుంది, అల్లం ఘాటుగా వేశాడు.

బాలోద్ దాటాక రోడ్డు అడవిలో పడుతుంది. అసలు పాఠం అక్కడ నేర్చుకున్నాను. ఎండలోంచి ఒక్కసారిగా చెట్ల నీడలోకి దూరేసరికి అద్దం ముందు బొగ్గు చీకటి. వానలు తగ్గి నెల కూడా కాలేదు, ఆకు దట్టంగా ఉంది. ఆ చీకట్లో రోడ్డుకి అడ్డంగా గేదెల మంద. నల్ల అద్దంలోంచి, నల్లటి నీడలో, నల్లటి గేదె ఎలా కనిపిస్తుంది? ఆఖరి క్షణంలో ఒక కొమ్ము మీద ఎండ చుక్క మెరిసింది. బ్రేకు మీద నిలబడ్డాను. బండి అడ్డంగా జారి ఓ గేదె పొట్టకి రెండు మూరల దూరంలో ఆగింది. కాపరి ముసలాయన కర్ర ఎత్తుకుని వచ్చి "కా కరథస్ గా! ఆంఖీ నయీ హే కా?" అని అరిచాడు. ఏం చేస్తున్నావు, కళ్ళు లేవా అంటున్నాడు. ఉన్నాయి దాదా, వాటికే అడ్డం కట్టుకున్నానని చెప్పి దండం పెట్టాను. ఆయన కర్ర కొసతో అద్దాన్ని ఠంగుమని కొట్టి, ఇది తీసి పారెయ్యమన్నాడు. అడవి పొడుగునా అద్దం ఎత్తుకునే నడిపాను. కానీ రాజహరా దగ్గర పడ్డాక లారీల వెనక ఎర్రటి దుమ్ము మొదలైంది, ఎండ కూడా ఎక్కింది. మళ్ళీ దించుకున్నాను. బుద్ధి వచ్చిందనుకున్నానే కానీ సగమే వచ్చింది.

పదింటికి వాళ్ళ వీధిలోకి తిరిగాను. చప్పుడు విని సుగుణ ముందే గుమ్మంలోకి వచ్చింది. నేను బండి మీద కూర్చునే తీరు ఆమెకి తెలుసు, దూరం నుంచే చెయ్యి ఊపింది. ఆమె పక్కనే గడప పట్టుకుని నిమ్మి నిలబడి ఉంది. పసుపు గౌను, ఒక కాలికే సాక్సు. నాకు ఇంకేం గుర్తురాలేదు. బండి స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా దిగి, నాలుగంగల్లో వెళ్ళి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపాను. అద్దం దించే ఉంది.

అలాంటి కేక నేను అంతకు ముందు వినలేదు. నిమ్మి వెనక్కి పడి, తల గడపకి తగిలి, ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయింది. సుగుణ ఎత్తుకుని వీపు చరుస్తూ "ఏటండీ ఇది? మీ ముఖం ఏదండీ?" అంది. అప్పుడు తీశాను హెల్మెట్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నిమ్మి తల్లి భుజం మీంచి ఒకసారి నా ముఖం చూసింది, కింద హెల్మెట్ చూసింది, రెండూ ఒకటేనని తేల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

పిల్లని చూసుకునే బిసాహిన్ అనే ఆవిడ పక్కింటి నుంచి పరుగెత్తుకొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, గనిలో రాయి మోసి మానేసిన మనిషి. "నోనీ డరా గే హే సాహబ్, థోరిక్ బైఠవ్" అంది. పాప బెదిరింది, కాసేపు కదలకుండా కూర్చోమని. కూర్చున్నాను. హెల్మెట్ మంచం కిందికి తోసేశాను. సుగుణ అన్నం పెడుతూ నన్ను నవ్వించడానికి "పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాడట, మీలాంటాయనే ఎవరో" అంది. నవ్వు రాలేదు. బిస్కట్టు చూపించాను, కాకి అరుపు అరిచాను, షిఫ్టు ఇంజనీరుని నేలమీద గుర్రంలా నడిచాను. నిమ్మి తల్లి చీర కొంగులోంచి బయటికి రాలేదు. నడవడం మాట అటుంచి కాలు కింద పెట్టలేదు. ఆరు వారాలు కాచుకుని వచ్చినవాడికి ఇంట్లో గోడ గడియారం చప్పుడు ఎంత గట్టిగా వినిపిస్తుందో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్న షిఫ్టు కనక ఆ మధ్యాహ్నం మూడున్నరకే బయల్దేరాలి. బూట్లు వేసుకుంటుంటే సుగుణ "ఒక్కసారి చూద్దాం ఉండండి" అని నిమ్మిని గది మధ్యలో నిలబెట్టి చేతులు వదిలింది. ఒక చివర మంచం మీద నేను, రెండో చివర గుమ్మంలో బిసాహిన్. నిమ్మి ఊగి నిలదొక్కుకుంది. నా వైపు చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత అటు తిరిగి, చేతులు రెండూ పైకెత్తుకుని, నడిచింది. ఏడడుగులు. బిసాహిన్ ఒళ్ళో పడి కిలకిల నవ్వింది. సుగుణ చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. నడక చూడాలని వచ్చాను, చూశాను. దాని చిన్న వీపూ, ఊడిపోతున్న గౌను ముడీ మాత్రమే కనిపించాయి.

తిరుగు దారిలో నల్ల అద్దం ఊడదీసి సంచిలో వేసుకున్నాను. తెల్లది లేదు కనక ముఖం గాలికి వదిలి నడిపాను. గుండర్‌దేహి దగ్గర పొద్దు గుంకింది, చేల మీది పురుగులు కళ్ళలో కొట్టాయి. కళ్ళ నీళ్ళు కారాయి. పురుగుల వల్లే అంటే మీరు నమ్మరు కనక అనను. ఏడింటికి ఇల్లు చేరాను.

తర్వాత వెళ్ళినప్పుడు వీధి చివరే దిగి బండి నడిపించుకుంటూ వెళ్ళాను. నిమ్మి గుమ్మంలోంచి చూసిందే కానీ రాలేదు. ఆ పై సారి మళ్ళీ మరమ్మతు పని, వెళ్ళడానికి నెలన్నర పట్టింది. ఆ రోజు మాత్రం నన్ను చూడగానే వచ్చింది. కానీ అప్పటికి పరుగెడుతోంది. సుగుణకి భిలాయి బదిలీ అయ్యేసరికి పిల్లకి నాలుగేళ్ళు. ఇప్పుడు నిమ్మి రాయపూర్‌లో పాఠాలు చెబుతోంది, ఇవేవీ దానికి గుర్తు లేవు, చెబితే నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. అది నా వైపు తప్పటడుగులు వేసుకుంటూ రావడం మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు. దానికి బదులు చూసినవి చాలా ఉన్నాయి, అయినా ఆ ఒక్కటీ ఇంకా కావాలనే ఉంటుంది.

ఇక మీరడిగిన దానికి నా సలహా ఒక్కటే. నల్ల అద్దం మిట్టమధ్యాహ్నం బట్టబయలు రోడ్డుకే. అడవికీ సాయంత్రానికీ తెల్లది సంచిలో ఉండాలి. ఏ అద్దమైనా సరే, మీ కోసం చూస్తున్న ఇల్లు ఇంకా నాలుగిళ్ళ అవతల ఉండగానే బండి ఆపి, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, నడిచి వెళ్ళండి.