నాయినమ్మకు కప్పిన బట్ట

భివండిలో సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డనగానే నాకు ముందు గుర్తొచ్చేది చప్పుడు కాదు, ఎంగిలి. దారం కండె మార్చిన ప్రతిసారీ, దాన్ని మోసే నాడె కంతలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. ముందు షిఫ్టువాడి గుట్కా రుచి నా నాలుకకు తగిలేది. ఛీ అనుకుంటూనే దానికి అలవాటు పడ్డాను. మా శేటు చేయించిన పనికి మాత్రం చివరిదాకా అలవాటు పడలేకపోయాను.

శేటు పరాయివాడేం కాదు, వరసకు చిన్నాయన. టెంఘర్‌లో ఆయన షెడ్డులోనే నేను సాంచా నడిపేవాణ్ణి. ఆయన ఊళ్లో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, ఇక్కడికొచ్చాక మీటర్లు తప్ప బట్ట కనపడని మనిషయ్యాడు. పోగు తెగితే నేను సాంచా ఆపి ముడేసేవాణ్ణి. ఆ ముడి నేర్పింది ఆయన తల్లే, నాకు నాయినమ్మ. చూపు మందగించినా నాయినమ్మ షెడ్డు గడపలో కూర్చొని, నేసిన బట్ట మీద అరచేయి నడిపించేది. ఎక్కడా గీత తగలకపోతే "మంచిగ నేసినవ్ బిడ్డా" అనేది. ఆ మాట కోసమే నేను పనికి పోయేవాణ్ణి.

చిన్నాయనకు ఒళ్లు మండేది. "గట్ల ఆపుకుంట కూసుంటే ఎట్లరా? నడవనియ్యి. ఎవడు చూస్తడు?" అనేవాడు. మిగతావాళ్ల బట్టలో తెగిన పోగు తెగినట్టే పోయి, పొడుగునా గీత పడేది. నూనె మరకల మీద సుద్దపొడి రుద్ది మడత పెట్టించేవాడు. చివరికి నా సాంచా ఇంకొకడికిచ్చి, నన్ను ఆ సుద్ద రుద్దడానికే కూర్చోబెట్టాడు. సిగ్గుమాలిన పని. ఇంటికొచ్చి ఎంత కడుక్కున్నా చేతులు నావి అనిపించేవి కావు.

ఆ వానాకాలం నాయినమ్మ పోయింది. మా ఇళ్లలో పోయినవాళ్ల మీద ఇంటివాళ్లు నేసిన కొత్తబట్టే కప్పుతారు. చిన్నాయన షెడ్డుకొచ్చి ఒక తాను విప్పి చూసి, పక్కన పడేశాడు. ఇంకోటి విప్పాడు. అన్నీ గీతలు, మరకలు. సుద్ద లేచి ఆయన చేతులకూ మొహానికీ అంటింది. నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"నువ్ నేసిన తాను ఏమన్న ఉన్నదారా?"

అంటే ఈ మనిషికి అంతా తెలుసు. ఇన్నేళ్లూ తెలిసే తిట్టాడు. లోకానికంతా చెత్త అంటగట్టి, తన తల్లికి మాత్రం మంచిది కావాలి. ఎంగిలి దారం పీల్చినప్పుడు కూడా నాకంత రోత పుట్టలేదు. లేదని చెప్పబోయాను. కానీ కప్పేది నాయినమ్మకు.

చేతులు కడుక్కుని, అన్నిటి అడుగున మిగిలిపోయిన నా ఆఖరి తాను తీసుకుని, ఆయన చేతికివ్వకుండా నేనే ఇంటిదాకా మోశాను. ఆమె మీద పరుస్తుంటే చిన్నాయన దాని మీద అరచేయి నడిపించబోయాడు. నేను ఆ చేయి పట్టుకుని ఆపాను.

"ముట్టకు చిన్నాయనా," అన్నాను. "సుద్ద అంటుతది."