కారు దిగని దొర మనుమడు

ఇయ్యాల పొద్దుగాల జనగామల మా వీల్ అలైన్‌మెంట్ షాపుకు మా ఊరి గడి దొర మనుమడు కారు తెచ్చిండు. ముందు టైర్లు లోపలి దిక్కు గుండు లెక్క అరిగినయ్. క్యాంబర్ తప్పింది, అంటే చక్రం పైభాగం లోపలికి వాలింది. బండి ర్యాంపు ఎక్కించినంక గూడ ఆయన సీట్ల నుంచి లేస్తలేడు.

"సార్, జర దిగుండ్రి. మనిషి కూసుంటే కొలత తప్పొస్తది" అని చెప్పిన.

"నన్నే దిగుమంటవా? మా తాత ముంగట మీ తాత చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోడు, ఎరికేనా?"

నాకు మండింది. "ఎరికే సార్. సాయుధ పోరాటంల ఆ తాతనే మీ గడి మీదికొచ్చిండు. మీ తాత దిగుడే కాదు, పట్నం దాక ఉరికిండు."

పండ్లు కొరుక్కుంట దిగిండు. దిగేటప్పుడు ఒక చెప్పు జారి ర్యాంపు కింది గుంటల పడ్డది. తీసియ్యమన్నట్టు నా దిక్కు చూసిండు. నేను మిషన్ దిక్కు చూసిన. ఆఖరికి ఆయననే గుంటల దిగి తీసుకున్నడు. గ్రీజు అంటిందని తొడుక్కోకుంట, కుర్చీ దాక చేతుల పట్టుకొని నడిచిండు.

క్యాంబర్ పక్కాగ సెట్ చేసిచ్చిన. చెప్పు మాత్రం తుడవలే. మీరైతే తుడిచేటోళ్లా?