వంకర గుర్రం

చదరంగం నేను ఫోనులో నేర్చుకున్నాను, నేతపని లేని పూటల్లో. మా వీధిలో నన్ను ఓడించేవాళ్లు లేకుండా పోయాక, మైదుకూరు క్లబ్బుకు వెళ్లి చేర్చుకోమని అడిగాను. ఒక బట్టలకొట్టు పైనున్న మేడగదిలో నడుస్తుందది. అక్కడ అందరికీ ఆట నేర్పే సారు, జిల్లాలో పేరున్న ఆటగాడు, నన్ను ఎగాదిగా చూసి, చీరలు నేసేదానివి, నీకీ ఆటెందుకన్నాడు. పదిమందీ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. కదలకుండా నిలబడేసరికి, తనతో ఒక్క ఆట డ్రా చేస్తే చేర్చుకుంటానన్నాడు. ఓడితే మళ్లీ ఆ మెట్లెక్కకూడదు.

ఆదివారం కూర్చున్నాం. కొట్టు సెట్టే క్లబ్బుకూ పెద్ద. తగువొస్తే తీర్చడానికి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఆట మొదలవకముందే నేను పావులన్నీ గళ్ల నడిమికి సర్దాను, సారువి కూడా. మగ్గం మీద పోగు పక్కకు జరిగితే చెయ్యి దానంతటదే పోయి సరిచేస్తుంది, మనసుకు చెప్పనైనా చెప్పదు. ఆయన నా వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

రెండు గంటలాడాం. దారులన్నీ బంటులతో మూసేశాను. దూరే సందు లేక ఆయన ఏనుగును ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. ఇక డ్రా అడుగుదామనుకుంటుండగా, అంతవరకూ ఒక్క పావునూ వంకరగా పెట్టని మనిషి, గుర్రాన్ని తెచ్చి సగం పక్క గడిలోకి పోయేట్టు పెట్టాడు. నా చెయ్యి పోయి దాన్ని నడిమికి జరిపింది.

"ముట్టుకుంటివి కదమ్మా, కొట్టాల," అన్నాడు.

సర్దుతున్నానని ముందు చెప్పకుండా ఎదుటివాళ్ల పావును తాకితే, వీలున్నంతలో దాన్ని కొట్టి తీరాలి. ఆ నియమం నాకూ తెలుసు. ఆ గుర్రాన్ని కొట్టగలిగింది నా మంత్రి ఒక్కటే. ఆ గుర్రానికేమో ఆయన బంటు కాపలా ఉంది. సెట్టి వైపు చూశాను. రూలు రూలేనని గొణిగి కిటికీ వైపు తిరిగాడు. కొట్టాను. మంత్రి పోయింది, కాసేపటికి ఆటా పోయింది.

నేను చెప్పులేసుకుంటుంటే సారు తరువాతి ఆటకు పావులు పేరుస్తున్నాడు. ఒక్కోటీ గడి నట్టనడుమ, కొలిచినట్టు. అది చూసి ఆగలేకపోయాను. అంతవరకూ ‘మీరు’ అన్న నోటితోనే ‘నువ్వు’ అన్నాను.

"ఇప్పుడు శానా నేరుగా పెడ్తాండావే సారూ. నా ముందర మాత్రం చెయ్యి వంకరపాయెనా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన చేతిలో గుర్రం ఉంది. నేను మెట్లు దిగేదాకా దాన్ని కింద పెట్టలేకపోయాడు.