అన్న పేరు మీద కార్డు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు ఒకడుంటాడు చూడండి, భూపాలపల్లి బొగ్గు బాయిలో ముప్పై నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్నవాడు టీక్యా. ఇంట్లో, తండాలో టీక్యా. బాయి హాజరు పుస్తకంలో మాత్రం ప్రేమ్‌సింగ్. వెనక నుంచి ఎవరైనా 'ప్రేమ్‌సింగ్' అని పిలిస్తే వెంటనే తిరగడు. పిలిచిందెవరు, ఎందుకు పిలిచారు, గొంతులో ఏమైనా తేడా ఉందా అని ఆలోచించుకుని అప్పుడు తిరుగుతాడు. చెవుడేమో పాపం అనుకున్నారు తోటివాళ్లు. చెవుడూ లేదు గివుడూ లేదు. భయం.

సంగతేమిటంటే, ప్రేమ్‌సింగ్ అతని అన్న. నెల్లికుదురు దగ్గరి తండాలో ఏడో తరగతి దాకా చదివిన మొనగాడు. బాయి పనికి పిలుపు కాగితం అతనికే వచ్చింది. చేరేముందు ఒకసారి చూసొద్దామని తెలిసినవాళ్ల వెంట లోపలికి దిగి, ఆ చీకటికి గుండె జారి, సద్ది మూట కూడా అక్కడే వదిలేసి తండాకి పారిపోయి వచ్చాడు. కాగితం మురిగిపోతుందని పెద్దలు కూర్చున్నారు. తండా పెద్ద నాయక్ తీర్పు చెప్పాడు. అన్న కాగితం తమ్ముడికి, తమ్ముడి వంతు రెండెకరాలు అన్నకి. "బాయి పని ఉన్నన్ని దినాలు పేరు తమ్మునిది" అని సేవాలాల్ గుడి ముందు ప్రమాణం చేశారు. రాత లేదు, సంతకం లేదు. తండాలో మాటే దస్తావేజు. ఆ రోజుల్లో అలా మారుపేరుతో బాయిలో దిగినవాడు టీక్యా ఒక్కడే కాదు లెండి.

అన్న నాలుగేళ్లు పెద్ద. అందుకని టీక్యాకి కాగితం మీద అరవై ఒకటి, ఒంటి మీద యాభై ఏడు. ఈ నెలాఖరుకి రిటైర్మెంటు.

దానికి అతనేం బాధపడలేదు. బాధంతా భార్య సాలమ్మ గురించి. ఆమె కిడ్నీలు చెడి రెండేళ్లయింది. వారానికి రెండుసార్లు డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్లు బాయి దవాఖానే చూసుకుంది. ఆ తర్వాత కూడా చూడాలంటే మొగుడూ పెళ్లాల పేర కొత్త ఆరోగ్య కార్డు తీసుకోవాలి. నెలాఖరులోగా దరఖాస్తు కంప్యూటర్లో ఎక్కాలి. ఎక్కకపోతే ఒకటో తారీఖు నుంచి మిషన్ లేదు. మిషన్ లేకపోతే సాలమ్మ లేదు.

బాయి దవాఖాన ఆఫీసులో దరఖాస్తులు చూసే అమ్మాయి పేరు కీర్తి. జనగామలో బట్టల దుకాణం వాళ్ల బిడ్డ. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడుతుంది. ఆఫీసులో నవ్వే మనిషంటే టీక్యాకి మొదట్నుంచీ పడదు. కసురుకునేవాడికి కడుపునొప్పో, ఇంట్లో గొడవో ఉంటుంది. నవ్వేవాడికి మాత్రం మనతో ఏదో పని ఉంటుందని అతని సిద్ధాంతం.

"ప్రేమ్‌సింగన్నా, నీ దరఖాస్తు ఆగింది" అంది కీర్తి, నవ్వుతూనే.

టీక్యా చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూశాడు. "ఎందుకాగింది బిడ్డా?"

"నువ్వు సర్కారు ఆరోగ్య కార్డు గూడ తీస్కున్నవా? గిదే పేరు, గిదే తండ్రి పేరు, గిదే తండా. పుట్టిన తారీఖు సుత గిదే. పోయిన నెలనే ఎక్కిందంట. ఒక్క మనిషి రెండు కాడ ఉండొద్దన్నా. అది తీసేపిస్తెనే మనది ఎక్కుతది. ఇంక ఎనిమిది రోజులే ఉన్నయి, జర జల్ది చూస్కో."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఎందుకడగలేదు? ఒకే తారీఖున, ఒకే తండాలో, ఒకే అయ్యకి పుట్టిన ఇద్దరు ప్రేమ్‌సింగులు ఎవరని ఆ పిల్లకి అనుమానం రాలేదా? వచ్చింది, వచ్చే ఉంటుంది. పైవాళ్లకు చెప్పడానికే తనను అక్కడి నుంచి పంపించేసింది. ఇంటికి వెళ్లే దారి పొడుగునా టీక్యా ఇదే గొణుక్కున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కింద అన్న వచ్చాడు. మరదలిని చూడ్డానికని వచ్చినవాడు అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

"మా అన్న నిన్ను కాగితాలేమన్న అడిగిండా?" ఇంట్లో అడుగు పెడుతూనే అడిగాడు.

"బడి కాగితం జిరాక్స్ అడిగిండు. ఇచ్చిన" అంది సాలమ్మ.

"నన్నడగకుంట ఎట్లిచ్చినవ్?"

"ఆయిన బడి కాగితం ఆయినకియ్యనీకి నిన్నెందుకడగాలె?"

టీక్యా కోపం అన్న మీదికి మళ్లింది. రెండెకరాలు మింగాడు, చాలలేదు. ఇప్పుడు గ్రాట్యుటీ వచ్చే వేళకి అసలు ప్రేమ్‌సింగ్ నేనేనని ఆఫీసులో నిలబడతాడన్నమాట! ముందు కార్డు, తర్వాత పింఛను. ఓరి దేవుడా, తోడబుట్టినవాడే కొంప ముంచుతున్నాడని తెల్లవార్లూ పక్క మీద దొర్లాడు. తోటి కార్మికుడు భిక్షపతి చెప్పనే చెప్పాడు, "కాగితం అడిగేటోడు చుట్టమైనా నమ్మకు" అని.

పొద్దున్నే బయల్దేరి, రెండు బస్సులు మారి తండాకి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి ఎదురుగా వచ్చి నిలబడినా, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవరు?" అన్నాడు.

ఎవరంటావా, నటిస్తున్నావా అని టీక్యా విరుచుకుపడ్డాడు. అన్నదమ్ములు లంబాడీలోనే మాట్లాడుకున్నారు, తిట్లతో సహా. ప్రమాణం తప్పావన్నాడు, నా పెళ్లాన్ని చంపుతున్నావన్నాడు. ఇంట్లోంచి వదిన కళావతి చేట పట్టుకుని బయటికొచ్చింది.

"అయిందా? ఇంక నేను చెప్తా ఇను. ముప్పై నాలుగేండ్ల సంది, మొన్నటి దాక, మీ అన్నకు ఒక్క కార్డు లేదు. రేషన్ నా పేరు మీద, భూమి పట్టా నా పేరు మీద. ఓటు లేదు, పింఛన్ లేదు. సర్కారోళ్లు పేర్లు రాయనీకి వస్తె చెల్క కాడికి వొయ్యి పొద్దూకేదాక గట్టు మీద కూసునేటోడు. ఎవలన్న ప్రేమ్‌సింగ్ అని రాస్తె ఆడ నీ కొలువు పోతదని. ఎరుకేనా నీకు?"

టీక్యాకి తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"పనున్నన్ని దినాలే గద మనం మాటనుకున్నది" అన్నాడు అన్న, మెల్లగా. "ఈ ఏటితో నీ పని అయిపోతదని లెక్కేసుకున్న. ఇంక నా పేరు నేను వాపస్ తీస్కోవచ్చనుకున్న. కండ్లల్ల శుక్లాలు ముదిరినయి. మానుకోట దవాఖానకు పోతె కార్డు తెమ్మన్నరు."

"పనే అయిపోతది భియా. కార్డు మేము సచ్చేదాక నడుస్తది. పేరు సుత."

గుడి ముందు ప్రమాణం చేసిననాడు నాయక్‌కి గానీ, వీళ్లకి గానీ రిటైర్మెంటు తర్వాత కార్డు ఒకటుంటుందని ఏం తెలుసు? తర్వాత అన్న గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లి, పెట్టె తడిమి, కొత్త కార్డు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"సాలమ్మకు మిషన్ ఆగొద్దు" అన్నాడు.

ఇప్పుడు ఏమడుగుతాడో అని టీక్యా ఎదురుచూశాడు. అనుమానించే బుద్ధి ఎక్కడికి పోతుంది! భోజనం పెట్టారు, తిన్నాడు. రాత్రి అక్కడే పడుకున్నాడు. అన్న ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది టీక్యాకి.

మర్నాడు కార్డు తీసేయించడానికి మానుకోట వెళ్లారు. వేలిముద్ర వెయ్యమన్నారు. యంత్రం ఎక్కడుందో కనిపించక అన్న బల్ల తడుముతుంటే, టీక్యానే ఆ వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. అలా పెడుతున్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నకి అవీ కనిపించలేదు.

గడువుకి రెండు రోజుల ముందు సాలమ్మ కార్డు వచ్చింది. అది చేతికిస్తూ కీర్తి గొంతు తగ్గించింది.

"మీ అన్నకు కండ్లు కనబడుత లేవంట గద, సాలమ్మక్క చెప్పింది. మా నాయినోళ్లు జనగామల కండ్ల ఆపరేషన్ క్యాంపు పెడుతున్నరు. కార్డు గీర్డు అడుగరు. పేరు, ఊరు చెప్తె చాలు."

కార్డు అడగరని ఈ పిల్ల ప్రత్యేకంగా ఎందుకు చెబుతోంది? ఎంత తెలుసు ఈమెకి? టీక్యా ఆమె మొహంలోకి చూశాడు. ఎప్పటి నవ్వే. అది ఇప్పటికీ అతనికి తేలలేదు.

జనగామ క్యాంపులో జనం కిటకిటలాడుతున్నారు. బల్ల దగ్గర కూర్చున్నతను కలం పట్టుకుని "పేరేంది పెద్దాయినా?" అన్నాడు. అన్న తమ్ముడు నిలబడ్డ వైపు తల తిప్పాడు.

"టీక్యా" అన్నాడు అన్న.

పక్కకొచ్చి బెంచీ మీద కూర్చున్నాక తమ్ముడి చెవిలో చెప్పాడు. "నా పేరు ఏ కంప్యూటర్ల ఎక్కుతదో, మళ్ల సాలమ్మకేమైతదో. నీ పేరు ఉత్తగనే ఉన్నది గద, జర వాడుకుంట."

గంట తర్వాత నర్సు తలుపు తీసి గట్టిగా పిలిచింది. "టీక్యా! టీక్యా ఎవరు?"

ఇల్లు, తండా దాటి బయట ఆ పేరు విని ముప్పై నాలుగేళ్లు. ఎవరు పిలిచినా ఆలోచించి గానీ తిరగని మనిషి ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. పక్కన అన్న కూడా, అతని భుజం తడుముకుంటూ లేచాడు.

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ ఇద్దర్ల టీక్యా ఎవరు?"

"ఈయిననే అమ్మా" అని అన్న చెయ్యి ఆమెకి అందించి, టీక్యా మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు.