ఓడ సారు పేరు

మా తమ్ముడు విహారయాత్రల ఓడలో వంటింటి పనివాడు. ఈ రోజు పొద్దున వీడియో కాల్ చేసి, ఎవరికో ప్రాణం మీదికొస్తే ఓడ దారి మార్చుకుని దగ్గర్లోని రేవుకు పోయిందని చెప్పాడు.

“ఎవరో పెద్ద సారు అయ్యుంటడు” అంది అమ్మ.

“సారు కాదమ్మా, ఉల్లిగడ్డలు కోసే నేనే” అంటూ వాడు ఫోన్ పక్కకు తిప్పాడు. ఆసుపత్రి మంచం, సెలైన్ సీసా కనిపించాయి. అపెండిక్స్ పగిలిందట. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నాడు.

మా తూంకుంట స్టేజీ దగ్గర చెయ్యెత్తినా బస్సే ఆగదు. వీడి కడుపునొప్పికి వేలమందితో పోతున్న ఓడ తిరిగింది.

ఆదివారం చర్చిలో చదివించే ప్రార్థన చీటీలో రాయడానికి అమ్మ కెప్టెన్ పేరు అడిగింది. తమ్ముడు మూడుసార్లు చెప్పినా ఆమెకు నోరు తిరగలేదు. చివరికి “ఓడ సారు, ఆయన పిల్లలు సల్లగుండాలె” అని రాసింది.

“పేరు లేకుంటే దేవునికి ఎట్ల తెలుస్తదమ్మా?” అన్నాను.

“ఓడ మలిపేటప్పుడు మనోడి పేరేందని ఆయన అడిగిండా?” అంది.

మీరు గుడికి పోయినా, చర్చికి పోయినా మా ఓడ సారును ఓసారి తలుచుకోండి. పేరు మాత్రం అడగకండి.