నిజ్వా చేపలు, నా పగిలిన మడమలు

ఒమాన్‌లో నిజ్వా దగ్గర కొండల్లోంచి దిగే ఆ వాగులో ఎన్ని చేపలున్నాయో తెలియదు గానీ, నా మడమల రుచి ఎరగని చేప ఒక్కటీ లేదు. తొంభైల మొదట్లో నేనక్కడ తాపీ పని చేసేవాణ్ణి. సిమెంటులో నానీ నానీ నా మడమలు మే నెల నల్లరేగడిలా నెర్రెలిచ్చాయి. ఒక్కో నెర్రెలో రూపాయి బిళ్ళ నిలబడేది.

మా సైటుకు పెద్ద ఒక ఇంగ్లీషు ఇంజనీరు. అరబ్బీలో మేనేజరును అన్నట్టే మేమూ ఆయన్ని ముదీర్ అనేవాళ్ళం. తన దేశంలో రాళ్ళ మీద ఉరికే చల్లని ఏళ్ళలో ట్రౌట్ అనే చేపను పట్టడం ఆయనకు పూజకన్నా ఎక్కువ. వానపామును గుచ్చడం పాపమట. కొక్కేనికి కోడి ఈక, దారం చుట్టి, అచ్చం ఈగలా చేసి, గాలం తాడును కొరడాలా ఝళిపించి నీళ్ళమీద మెత్తగా వాల్చాలి. ఒమాన్‌లో ట్రౌట్ ఎక్కడిది? రాళ్ళు దొరికాయి, వాటి మధ్య నీళ్ళు దొరికాయి. మిగతాది ఆయన నమ్మకం.

ఒకరోజు నన్ను పిలిచి, "యూ నో ఫిషింగ్?" అన్నాడు.

గల్ఫులో ముదీర్ ఏది తెలుసా అని అడిగితే అది తెలుసనే చెప్పాలి. విమానం నడుపుతావా అన్నా యెస్ సారే. "యెస్ సార్, వెరీ గుడ్ ఫిషింగ్" అన్నాను. ఆ పూటతో నా శుక్రవారాలు పోయాయి. రూములో అందరూ సెలవురోజు మటన్ వండుకుని వీడియో ముందు కూర్చుంటే, నేను వాగుగట్టున తుమ్మచెట్లెక్కి ముళ్ళలో చిక్కిన ఈగల్ని విడిపించేవాణ్ణి. ఆయన గాలం పట్టిన తుమ్మచెట్లను నరికితే ఊరంతా ఏడాది వంట చేసుకోవచ్చు. చేప మాత్రం ఒక్కటి పడలేదు.

ఒక శుక్రవారం కాళ్ళు మండి నీళ్ళలోకి దిగాను. వాగులోని వేలెడు వేలెడు చేపలన్నీ పెళ్ళిభోజనానికి లేచినట్టు లేచి వచ్చి నా మడమల చుట్టూ బంతి కట్టి, ఎండిన చర్మం కొరకసాగాయి. "డోంట్ మూవ్!" అని ముదీర్ అరిచాడు. ఈగను నా పిక్క పక్కన వాల్చాడు. ఒక చేప పొరపాటున దానికి నోరు తెరిచింది. ఆయన దాన్ని పైకెత్తి, ముద్దు పెట్టుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు! పులుసు పెట్టాల్సిన దానికి ముద్దులా? అప్పటినుంచి నేను వాగు నడుమ పాతిన గుంజను. నన్ను కట్టేసిన తాడు మాత్రం ఎవరికీ కనపడదు.

ఆ రోజుల్లోనే ఇంటినుంచి క్యాసెట్టు వచ్చింది. దాన్లో మా ఆవిడ గొంతు: "ఏమయ్యా, బిడ్డ ఎంటికలు ముక్కుదాకొచ్చినయ్. నువ్వు లేకుంట రాజన్నకెట్ల ఇయ్యాలె? ఈ మూడో ఏడు దాటితే మల్ల అయిదో ఏడే. అప్పటిదాక పోరి లోకం ఎట్ల సూస్తది?"

మాలో పుట్టువెంట్రుకలు బేసి ఏడులో, రాజన్న దేవుడి దగ్గరే తీయాలి. అందాకా కత్తెర తగలకూడదు. నేనొచ్చాక పుట్టిన పిల్ల. ఇంకా మొహమైనా చూళ్ళేదు.

వెళ్ళి లీవడిగాను. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, సంతకం ముదీర్ దగ్గర. "నువ్వు పోతే నీళ్ళలో ఎవరు నిలబడతారు?" అన్నాడాయన, వంతెన స్తంభం లీవడిగినట్టు.

రూములో వరసకు బావమరిది ఒకడుండేవాడు. నా ఏడుపంతా విని నవ్వాడు.

"బావా, సేపలకు నీ కాళ్ళు నచ్చినయ్, ముదీర్‌కు సేపలు నచ్చినయ్. కాళ్ళు ఖరాబ్ జేసుకో."

"ఖరాబా? నరుక్కోమంటవారా?"

"నున్నగ జేసుకొమ్మంటున్న!"

డ్యూటీ దిగగానే రాయితో రుద్దడం, డబ్బాలకు డబ్బాలు వ్యాజ్‌లైన్ పూయడం, మేజోళ్ళు తొడగడం. రూమంతా నన్ను కొత్త పెళ్ళికూతురా అని పిలిచింది. చివరికి నా మడమలు పూరీల్లా పొంగి మెరిశాయి. ఆ శుక్రవారం చేపలు వచ్చాయి, మూతి ఆనించాయి, ఎంగిలి విస్తరిని చూసినట్టు చూసి వెళ్ళిపోయాయి.

ముదీర్ నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూర్చుని నా కాలు చేతుల్లోకి తీసుకున్నాడు. "వాట్ హ్యాపెన్డ్?" అన్నాడు.

"సార్, హియర్ నో రిపేర్. ఇండియా గోయింగ్, పొలం వాకింగ్, నో చెప్పల్. టూ మంత్స్, ఫుల్ క్రాక్."

ఆయన చేపల వంకా, నా మడమల వంకా చూసి, నా లీవు కాగితాన్ని బండి బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. "బేర్‌ఫుట్. ప్రామిస్?"

"యెస్ సార్."

రాజన్న గుడిలో మేనమామ ఒళ్ళో కూర్చుని నా బిడ్డ గుండయింది. మొదటిసారి లోకాన్ని అడ్డు లేకుండా చూసింది. ఎదురుగా నేనుండేసరికి గొల్లుమంది.

అది నాకు చేరువ కావడానికే రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత దాన్ని భుజానెక్కించుకుని చెలకల్లో వట్టికాళ్ళతో తిరిగాను.

"చెప్పులు లేవా?" అంది మా ఆవిడ.

"డ్యూటీల ఉన్న" అన్నాను.

బిడ్డ తలమీద వెంట్రుకలు మొలిచే వేళకు నా మడమలూ బాగా పగిలాయి. తిరిగొచ్చిన మొదటి శుక్రవారం వాగులో కాలు పెట్టానో లేదో, చేపలన్నీ పరుగున వచ్చి చుట్టుకున్నాయి. గట్టుమీద ముదీర్ ఈగను చేతిలో పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"డోంట్ మూవ్" అన్నాడు.